పైలం సంచి

మొన్న పొద్దున ముందుగదిలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఎదురుగోడ మీద రూపాయి బిళ్ళంత వెలుగు మచ్చ వచ్చి పడింది. కాసేపు వణికి, మాయమైంది. మళ్ళీ వచ్చింది, పోయింది. మూడోసారి కూడా మెరిసి, ఆ తర్వాత గోడ ఉత్త గోడగా మిగిలింది. ఎవరో అద్దం తిప్పి ఉంటారు, లేకపోతే ఏ స్కూటరో మలుపు తిరిగి ఉంటుంది. ఖమ్మంలో ఇళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉండే మా వీధిలో అదేమీ వింత కాదు. కానీ నా చేతులు ఆగిపోయాయి, ఒళ్ళోని కాయలు నేల మీద పడ్డాయి. ఇన్నేళ్ళయినా వెలుగు వరసగా మూడుసార్లు మెరిస్తే నా వెన్ను చల్లబడుతుంది. ఆ వెంటనే ఎక్కడా లేని పెట్రోలు వాసన ముక్కుకు తగులుతుంది. దాని వెనకే ఖాసిం సాబు గొంతు, "పైలం బిడ్డా" అని.

ఖాసిం సాబును మీరు చూసి ఉండరు. బక్కపలచని మనిషి. ఎడమ కంటికి శుక్లం ముదిరి తెల్లబడి ఉండేది. ఆపరేషన్ అంటే దవాఖానా గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చేవాడు. ఖమ్మం ఖిల్లా దగ్గర తరతరాలుగా తాళాలు బాగుచేసే ఇల్లు వాళ్ళది. ఆయన ఒక్కడే ఇల్లు దాటి, పటాలంలో చేరి, ఇరవై ఏళ్ళు విమానాల ఇంజన్లు విప్పి బిగించి, రిటైరై ఊరికి వచ్చాడు. నేను తల్లాడ దగ్గరి పల్లెలో రైతు కూతుర్ని. చదువుకునే రోజుల్లో స్కాలర్‌షిప్పు దొరికితే హైదరాబాదులో చిన్న విమానం నడపడం నేర్చుకుని ప్రైవేటు పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాను. దాన్ని అటక మీద పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికి రాదని మా వాళ్ళందరూ తీర్మానించారు. నాకు మొండితనం ఎక్కువ. రోడ్ల కాంట్రాక్టరు వెంకటరామయ్య గారు పాత నాలుగు సీట్ల విమానం ఒకటి కొన్నారని తెలిసి, ఆయన ఆఫీసులో గుమాస్తాగా చేరాను. జీతం టైపు మిషను దగ్గర, ప్రాణం మాత్రం షెడ్డులో ఉన్న ఆ విమానం దగ్గర. దానికి మెకానిక్ ఖాసిం సాబే. ఇదంతా ఎనభయ్యో దశకం మధ్యలో మాట.

మొదటి రోజే నన్ను చూసి ఆయన అడిగిన ప్రశ్న ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. "పైలట్ అంటే ఏంది బిడ్డా?" అన్నాడు. విమానం నడిపేవాళ్ళు అన్నాను, కాస్త టెక్కుగానే. "కాదు. పైలంగ పోయి పైలంగ వచ్చేటోళ్ళు పైలట్లు. నడిపేదాందేముంది, కోతికి నేర్పినా నడుపుతది." మా వైపు పైలం అంటే జాగ్రత్త అని. ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టే ప్రతి మనిషికీ వెనక నుంచి వినిపించే మాట. ఆ మాటను ఆయన ఇంగ్లీషు మాటకు అతికించి, అదే దాని అసలు అర్థమని చివరిదాకా నమ్మాడు. నేను డిక్షనరీ తెచ్చి చూపించినా ఒప్పుకోలేదు.

ప్రతి పొద్దున ఎగరడానికి ముందు రెక్క కింద ఉండే కవాటం తిప్పి, ట్యాంకులోంచి కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి పట్టి చూడాలి. విమానం పెట్రోలుకు లేత ఆకుపచ్చ రంగు కలిపి ఉండేది. నీళ్ళు కలిస్తే బరువుకు అడుక్కి దిగి, మధ్యలో ఒక గీత కనబడుతుంది. హైదరాబాదు ఫ్లయింగ్ క్లబ్బులో నాకు నేర్పింది అంతే. ఒకనాడు మబ్బు పొద్దున సీసా ఎత్తి చూసి, "గీత లేదు చాచా, నీళ్ళు లేవు" అన్నాను. ఆయన సీసా తీసుకుని నా అరచేతిలో పోశాడు. పెట్రోలైతే చల్లగా తగిలి ఆవిరైపోవాల్సింది, ఇది అలాగే నిలిచి ఉంది. సీసా నిండా నీళ్ళే. ఆ ముందు రాత్రే ట్యాంకులో ఆయనే కావాలని చెంబెడు నీళ్ళు పోశాడట, నన్ను పరీక్షించడానికి. తర్వాత ట్యాంకు కడగడానికి నాకు పూటంతా పట్టింది.

"గీత లేకుంటె నీళ్ళు లేవని గాదు బిడ్డా. పెట్రోలే లేదని గూడ గావచ్చు. కన్ను మోసపోతది. చేతిని అడుగు" అన్నాడు.

ఆయన పాఠాలన్నీ ఇలాగే ఉండేవి, కాస్త భయం కలిపి. అడవి మీదుగా మొదటిసారి ఎగరబోయే ముందు ఇంకో మాట చెప్పాడు. గోదావరి దాటి చెట్ల మీదికి వెళ్ళగానే ఇంజను గొంతు మారినట్టు వినిపిస్తుందట. దగ్గినట్టు, ఎవరినో పిలిచినట్టు. నిజంగా ఏమీ మారదు. కింద దిగడానికి జాగా లేదని తెలిసిన చెవి కల్పించుకునే మాట అది. "అడవి మాట ఇనకు. ముల్లు మాట ఇను" అన్నాడు, ఇంజను వేగం చూపే గడియారాన్ని చూపిస్తూ. నేను నవ్వాను. దుమ్ముగూడెం అవతల ఆకుపచ్చ తప్ప ఇంకేమీ లేని చోట ఆ గొంతు మారడం నా చెవులతో నేను విన్నప్పుడు నవ్వు రాలేదు. ముల్లు మాత్రం కదలకుండా ఉంది.

ఇక సంచి సంగతి. ఖాకీ గుడ్డతో ఆయనే కుట్టిన సంచి అది, వెనక సీటు కింద కట్టి ఉండేది. అందులో అరచేయంత అద్దం, ఈల, మైనం పూసిన అగ్గిపెట్టె, కాచిన నీళ్ళ సీసా, బెల్లం ముద్ద, ఎర్ర గుడ్డ, చాకు. దానికి మేం పెట్టుకున్న పేరు పైలం సంచి. వెంకటరామయ్య గారికి దాన్ని చూస్తే ఒళ్ళు మంట. ఆయన సత్తుపల్లి వైపు మనిషి, మాట మెత్తనే గాని పట్టు గట్టిది. మద్రాసు నుంచి రేడియో పెట్టె ఒకటి తెప్పించారు. పాటలు వచ్చే స్టేషన్ ఏ దిక్కున ఉందో దాని సూది చూపిస్తుంది. "ఇంత ఖరీదు పెట్టి దారి చూపే సామాను పెట్టాక ఈ బైరాగి సంచి ఎందుకమ్మా? తీసి పారేయండి" అన్నారు నాతో. ఖాసిం సాబు తల ఎత్తకుండానే జవాబిచ్చాడు. "సాబ్, గా పెట్టె తొవ్వ చూపుతది, మంచిదే. తొవ్వ తప్పి కింద పడ్డోన్ని ఎవరు చూపుతరు? సంచి తీస్తె నేను గూడ దిగిపోత." పైగా అదే వారం ముందు సీట్లకు భుజాల మీదుగా వచ్చే బెల్టులు కూడా పెట్టించాడు. నడుం బెల్టు ఉంది కదా అంటే, "నడుం మిగుల్తది, మొకం మిగలొద్దా?" అన్నాడు. కాంట్రాక్టరు గారు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

అద్దం మీద అంత పట్టు ఎందుకని ఒక మధ్యాహ్నం టీ తాగుతూ అడిగాను. గ్లాసు కింద పెట్టాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. పటాలంలో ఉన్నప్పుడు ఈశాన్యం కొండల్లో ఒక చిన్న విమానం పడిపోయింది. నడిపిన కుర్రవాడు ఖాసిం సాబుకు బాగా తెలిసినవాడు, పొద్దున ఆయన చేతి టీ తాగి వెళ్ళినవాడు. ఆరు రోజులు వెతికారు. వెతికే విమానంలో కిటికీ దగ్గర కూర్చుని కిందికి చూసే పని ఖాసిం సాబుది. నెల తర్వాత కొండవాళ్ళు శవాన్ని చూసి కబురు చేశారు. జేబులో చిన్న పుస్తకం ఉంది. ఈ రోజు నా నెత్తి మీదుగా మూడుసార్లు వెళ్ళారు అని అందులో రాసి ఉందట. మర్నాటి తేదీ వేసి, ఈ రోజు రెండుసార్లు అని ఉందట.

"నేను కిందికి చూసిన బిడ్డా. ఆయన మీదికి చూసిండు. నడుమ ఆకులే" అన్నాడు. "ఒక్క అద్దం ముక్క లేకపాయె." అప్పటికి టీ చల్లారిపోయింది. అప్పుడప్పుడు ఎవరూ లేనప్పుడు ఆయన షెడ్డు బయట నిలబడి, ఆ మంచి కంటితో ఆకాశంకేసి కాక నేలకేసి ఎందుకు అంతసేపు చూస్తాడో నాకు ఆ రోజు అర్థమైంది.

అసలు జరిగిందానికి వస్తాను. ఆ తప్పు నాదేనని ముందే చెప్పేస్తున్నాను.

దుమ్ముగూడెం అవతల కాంట్రాక్టరు గారి రోడ్డు పని క్యాంపు ఉండేది. పక్కనే మొరం పరిచిన చిన్న రన్‌వే. దసరాకు ఆయన్ను అక్కడ దింపి, రెండు రోజులుండి, విమానాన్ని ఒక్కదాన్నే ఖమ్మం తీసుకురావాలి. పెట్రోలు పీపాలను ఎప్పుడూ అడ్డంగా పడుకోబెట్టి ఉంచాలని ఖాసిం సాబు అక్కడి వాచ్‌మన్ సోమయ్యకు వంద సార్లు చెప్పాడు. నిలబెడితే పైన వాన నీరు నిలిచి, మూత సందుల్లోంచి లోపలికి దిగుతుంది. సోమయ్య మాట మీరే మనిషి కాదు. కానీ ఆయుధపూజ వచ్చింది. పార, గునపం, రోడ్డు రోలరు, అన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టిన భక్తుడు విమానానికి అన్నం పెట్టే పీపాను మాత్రం నేల మీద పడుకోబెట్టి పూజ చేస్తాడా? లేపి నిలబెట్టాడు. పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, పైన కొబ్బరికాయ కొట్టాడు. రాత్రంతా వాన పడింది. పొద్దున్నే లేచి అదే పీపాలోంచి రెండు ట్యాంకులూ నింపి, పీపాను మళ్ళీ బుద్ధిగా పడుకోబెట్టాడు. అందుకే నేను వచ్చేసరికి నాకు తేడా ఏమీ కనబడలేదు.

నా గాజు సీసా ముందురోజు చేయి జారి పగిలింది. సోమయ్య సోడా సీసా కడిగి తెచ్చిచ్చాడు. అది ఆకుపచ్చ గాజు. పడమట మబ్బు లేస్తోంది, మళ్ళీ వాన పట్టకముందే బయలుదేరాలని తొందర. సీసా పట్టి చూశాను. ఆకుపచ్చగా ఉంది. గీత లేదు. "పైలం మేడం" అన్నాడు సోమయ్య. ఊఁ అన్నాను. అరచేతిలో పోసుకోలేదు.

గోదావరి దాటిన కాసేపటికి ఇంజను గొంతు మారింది. నాకు నవ్వొచ్చింది. అడవీ, నువ్వు మాట్లాడకు, నాకు తెలుసు నీ సంగతి అనుకుని ముల్లుకేసి చూశాను. ముల్లు వణుకుతోంది. నేను చూస్తుండగానే కిందికి జారింది. ఇంకో ట్యాంకుకు మార్చాను. ఒక్కసారి ఊపిరి తీసి ఇంజను ఆగిపోయింది. ఆ తర్వాత వినిపించిన గాలి శబ్దం గురించి నేను ఎవరికీ సరిగా చెప్పలేకపోయాను. కింద సాగు వదిలేసిన పోడు భూమి చెక్క ఒకటి కనబడింది, కొండ పక్కన, మొద్దులూ చిన్న వెదుళ్ళూ మొలిచి. భుజాల బెల్టు బిగించుకుని అందులోకి దించాను. విమానం రెండు మొద్దులు దాటి ముక్కు నేలకు కొట్టి ఆగింది. నా కుడి చీలమండ విరిగింది. ముఖం మీద గీత కూడా పడలేదు. తలుపు తోసుకుని, సంచి లాక్కుని, పాకుతూ దూరంగా వెళ్ళి పడుకున్నాను.

ఇక్కడి నుంచి నాకు మాటలు సరిగా కుదరవు. భయమేసింది. చచ్చిపోతానని కాదు, చూడరని. ఆ సాయంత్రం దాకా నాకు విమానాల చప్పుడు వినిపిస్తూనే ఉంది, ఒక్కటీ రాలేదు. ఈల ఊదితే కొండ అవతల నుంచి ఈల తిరిగి వచ్చేది, కాస్త ఆలస్యంగా. ప్రతిధ్వనేనని నాకు తెలుసు. కానీ నేను రెండుసార్లు ఊది ఆపాక మూడోది వచ్చింది. అది విన్నాక మళ్ళీ ఊదలేదు. బెల్లం నాకుతూ, ఎర్రగుడ్డ కప్పుకుని రాత్రి ఎలాగో గడిపాను. మర్నాడు పొద్దున నిజంగానే విమానం వచ్చింది. దూరంగా వచ్చి వెళ్ళిపోయింది. మబ్బు మూసి ఉంది, ఎండ పొడ లేదు, అద్దం తీసి లాభం లేదని సంచిలోంచి తీయనేలేదు. ఈ రోజు ఒకసారి వెళ్ళారు అని లోపల ఎవరో రాసుకున్నట్టు అనిపించింది. ఏడ్చాను, గట్టిగానే.

మధ్యాహ్నం దాటాక మబ్బు చీలింది. అదే సమయానికి అదే చప్పుడు, ఈసారి తిన్నగా నా వైపే. ఎడమ చేయి చాచి రెండు వేళ్ళ నడుమ విమానాన్ని పెట్టి, ఆ వేళ్ళ మీద వెలుగు పడేలా అద్దం తిప్పాను, ఆయన షెడ్డు ముందు నేర్పినట్టే. ఒకటి. రెండు. మూడు. విమానం రెక్కలు అటూ ఇటూ ఊపి, నా మీద గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. అది తిరుగుతున్న చోటు చూసుకుంటూ చుట్టుపక్కల గూడెం నుంచి నలుగురు మనుషులు వెదురు డోలీతో సాయంత్రానికి వచ్చారు. వాళ్ళలో పెద్దాయన నాకు నీళ్ళు తాగించాడు. నిన్న ఈల ఊదింది మీరేనా అని అడిగాను. ఆయన కొండకేసి చూసి, "ఈ గుట్ట పక్కకు మేం రాం గద తల్లీ. పోడు ఇడిసి మస్తేండ్లాయె. ఇటు ఎవరుండరు" అన్నాడు.

భద్రాచలం దవాఖానాలో నా కాలికి కట్టు కట్టాక ఖాసిం సాబు వచ్చాడు. వెతికే విమానంలో కిటికీ దగ్గర కూర్చున్నది ఆయనే. ఒంటి కన్ను ముసలివాణ్ణి ఎక్కించుకోం అన్నారట వెతకడానికి వచ్చిన ఆఫీసర్లు. టైరు పక్కన నేల మీద కూర్చుని, ఎక్కించుకుంటే తప్ప లేవను అన్నాడట. నేను ఏడుస్తూ అంతా చెప్పాను, ఆకుపచ్చ సీసా, గీత లేకపోవడం, తొందర. ఆయన తిట్టలేదు.

"చేతిల పోసుకున్నవా?" అన్నాడు.

"లేదు చాచా."

మంచం పక్కన గ్లాసులోని నీళ్ళు నా అరచేతిలో పోశాడు. కూర్చుని చూస్తున్నాడు. నర్సు వచ్చి వెళ్ళింది. "ఆరిందా?" అన్నాడు. లేదన్నాను. "యాద్ పెట్టుకో" అని తన తువ్వాలుతో నా చెయ్యి తుడిచాడు. 

లేచి వెళ్ళబోతూ ఆగాడు. "మంచి పని చేసినవ్ బిడ్డా, పొద్దుగాల అద్దం చూపి. లేకుంటె మేం అటు పక్కకే రాకపోదుము. ఆఫీసర్లు నదికి అవతల ఎతుకుదమన్నరు. నేను గా గుట్ట మీద మెరుపు చూసిన, మూడు సార్లు. పైలట్‌కు కనపడలే. నీ కన్ను ఖరాబైంది తాతా అన్నడు. లొల్లి పెట్టి మధ్యాన్నం మల్ల గదే దిక్కుకు తెచ్చిన."

నేను ఆయన ముఖంలోకి చూశాను. "పొద్దున నేను అద్దం తీయలేదు చాచా. మబ్బు పట్టి ఉంది. ఎండ ఎక్కడిది?"

ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. తెల్లబడ్డ కంటిని ఒక చేత్తో మూసి, మంచి కంటితో నన్ను చూశాడు. తర్వాత చేయి మార్చి, మంచి కన్ను మూసి చూశాడు. ఏ కంటితో చూశాడో లెక్క తేల్చుకుంటున్నాడని నాకు అర్థమైంది. తేలిందో లేదో నాకు చెప్పలేదు.

"గుట్ట మీద ఎక్కడ?" అన్నాను.

"నెత్తిన. నువ్వు కింద పోడుల ఉన్నవ్ గద." తర్వాత నాతో కాదన్నట్టు అన్నాడు. "ఈసారి చూసిన. గంతే సాలు."

అది రాళ్ళ మీద నిలిచిన వాన నీరు కావచ్చు. శుక్లం కంట్లో మిణుకు కావచ్చు. నేను చదువుకున్నదాన్ని, అలాగే సర్దిచెప్పుకుంటాను. కానీ ఆ రోజు తర్వాత ఆయన షెడ్డు బయట నిలబడి నేలకేసి చూడటం మానేశాడు. కంటి ఆపరేషన్‌కు మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు. ఎందుకని అడిగితే, "ఉండనియ్యి, పనికొస్తది" అని నవ్వేవాడు. కాలు బాగయ్యాక నేను ఇంకో మూడేళ్ళు ఎగిరాను. ప్రతిసారీ సీసా పట్టి చూశాక అరచేతిలో పోసుకునే ఎగిరాను. ఆయన పోయినప్పుడు వాళ్ళింట్లో వాళ్ళు పిలిచి, ఆ సంచి నా చేతికిచ్చారు. బెల్లం ముద్ద కొత్తది పెట్టి ఉంది.

ఇప్పుడా సంచి మా ముందుగది అలమరలో ఉంటుంది. ఏడాదికోసారి అగ్గిపెట్టె మారుస్తాను, బెల్లం మారుస్తాను. మా వాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. మొన్న గోడ మీద ఆ వెలుగు ఆగిపోయాక చిక్కుడుకాయలు ఏరుకోలేదు. లేచి, అలమర తీసి, అద్దం పట్టుకుని వరండాలోకి వెళ్ళాను. వీధిలో స్కూటరు లేదు. ఎదురు మేడల మీద మనిషి లేడు. అప్పుడు చూశాను, పొద్దుట్నుంచీ మబ్బు పట్టే ఉంది. నా అద్దంలో వెలుగు లేదని తెలిసినా, చేయి చాచి, రెండు వేళ్ళు ఎత్తి, ఆ వెలుగు వచ్చిన దిక్కుకు మూడుసార్లు తిప్పాను. ఎవరైనా కానీ, చూశానని చెప్పాలి కదా.